పీరా బావ పోసే నూనె

మా బావ హుస్సేన్ పీరాకు ఎవరి మాటా ఎక్కదని కాదు. నా మాట ఒక్కటే ఎక్కదు. నంద్యాలలో రైలు గేటుకు ఇవతల ఇంజన్ ఆయిళ్లు అమ్మే అంగడి నాది. ట్రాక్టర్ల వాళ్లు, ఆటోల వాళ్లు, రైసుమిల్లుల వాళ్లు వచ్చి "ఇలియాసన్నా, దీనికి ఏది పొయ్యాల?" అని అడిగి, నేనిచ్చిన డబ్బా పట్టుకుని మారుమాట లేకుండా పోతారు. మా అక్క బీజాన్‌ను చేసుకున్న ఈ పెద్దమనిషి మాత్రం నేను చెప్పేదంతా విని, తల ఊపి, ఆళ్లగడ్డకు పోయి తనకు తోచింది పోసుకుంటాడు. బామ్మర్ది మాట వింటే మీసం ఊడిపోతుందని భయం కాబోలు.

అయినా ఆయన గురించి చెప్పాలంటే నేనే చెప్పాలి. ఆయన నోరు విప్పే రకం కాదు.

బావ వాళ్ల నాయన ఆళ్లగడ్డలో పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు. ఆయన దగ్గర బావకు అబ్బిన విద్య ఒకటుంది. పత్తి పింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి, మంచిదో కాదో చెప్పేయడం. పరుపుల పనికి గిరాకీ తగ్గాక లారీ క్లీనరయ్యాడు, తర్వాత డ్రైవరయ్యాడు, ఆ తర్వాత సొంతంగా పాత డీజిల్ మినీ లారీ ఒకటి కొనుక్కున్నాడు. వేళ్ల అలవాటు మాత్రం పోలేదు. బియ్యమైనా, సిమెంటైనా, పెళ్లిచీరైనా వేళ్ల మధ్య పెట్టి నలపందే ఆయనకు నమ్మకం కుదరదు. నా పెళ్లిచూపుల్లో పెళ్లికూతురి ఇంటివాళ్లు పెట్టిన మిఠాయిని కూడా అట్లాగే నలిపి చూశాడు. ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ ఎత్తుతుంది.

ఆళ్లగడ్డలో దేవుళ్లను చెక్కే ఇళ్లు చాలానే ఉన్నాయి. తెల్లారితే ఉలి చప్పుడు, ఎక్కడ చూసినా రాతిపొడి. చెక్కిన విగ్రహాలను ఊళ్లకు చేర్చడం బావ పని. ఆంజనేయుడైనా, అమ్మవారైనా బావ తన చేత్తో కుట్టిన పత్తిపరుపు మీద పడుకుని పోవాల్సిందే. ముక్కు గీరుకుపోయిందని గానీ, వేలు విరిగిందని గానీ ఇంతవరకు ఏ ఊరివాళ్లూ ఫోన్ చేయలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. అసలు కథ దాని చుట్టూనే తిరుగుతుంది. చాలా ఏళ్ల కిందట శిల్పి చెన్నకేశవులు వాళ్ల నాయన ఒక ఊరికి విగ్రహం పంపుతూ రెండు బండ్లు మాట్లాడాడు. పీఠం ఒక బండిలో, స్వామి బావ బండిలో. బావ బండి ఆయిల్ తాగే ముసలిది. బయల్దేరే ముందు బానెట్ ఎత్తి, ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూసే కడ్డీని లాగి తుడిచి చూసి, "బిస్మిల్లా" అని ఇంత ఆయిల్ పోశాడు. రెండో బండాయన ఏమీ చూసుకోకుండానే బయల్దేరాడు. దోవలో ఆయిల్ లేక ఆ బండి ఇంజన్ బిగుసుకుని నిలిచిపోయింది. పీఠం మరునాడు గానీ చేరలేదు. స్వామి మాత్రం వేళకు చేరాడు.

అప్పటినుంచి ఆ పెద్దాయన, పీరా నూనె పోస్తే గానీ విగ్రహాన్ని బండికి ఎత్తనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక కొడుకు చెన్నకేశవులు కూడా అంతే. ముందు టెంకాయ కొట్టాలి, తర్వాత కర్పూరం వెలిగించాలి, ఆ తర్వాత పీరా బిస్మిల్లా అని బండికి నూనె పోయాలి. అప్పుడు ఎత్తాలి. విగ్రహాన్ని తీసుకుపోవడానికి వచ్చిన ఊరి పెద్దలు కూడా చేతులు కట్టుకుని బావ చేతులవైపే చూస్తూ నిలబడేవాళ్లు. పైకి ఏమీ అనకపోయినా, ఆ కాసేపు బావ మొహం చూడాలి. పెళ్లికొడుకు తండ్రి మొహంలా ఉండేది.

చివరికి ఆ ముసలి బండి రోడ్డు మీదికి పనికిరాదని తేలిపోయింది. ఆఫీసువాళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వం పొమ్మన్నారు. బావ నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదని అక్క చెప్పింది. ఆ తర్వాత నంద్యాలలోనే కొత్త బండి తీసుకున్నాడు. షోరూంలోంచి నేరుగా నా అంగడి ముందుకే తెచ్చి ఆపాడు. తెల్లగా మెరిసిపోతోంది. ముందు సీట్లో అక్క కొత్త చీరలో కూర్చుని ఉంది.

"ఒరే ఇలియాసూ, బండికి మంచి ఆయిల్ చూపియ్యి" అన్నాడు దిగుతూనే.

"ఇప్పుడేం అక్కర్లేదు బావా. వాళ్లు పోసే ఇచ్చింటారు."

"పక్కన డబ్బా ఒకటి ఉండాల గదా."

సరేనని బండితో ఇచ్చిన బుక్కు తిరగేసి, అందులో రాసిన రకమే తీసి మూత విప్పాను. బావ వేలు ముంచి నలిపాడు. మొహం మాడిపోయింది.

"ఏందప్పా ఇది, నీళ్ల మాదిరి ఉండాది. చిక్కందనమే లేదు. ఆ డ్రమ్ములోది ఇయ్యి."

డ్రమ్ములోది ట్రాక్టర్లకు పోసేది, చిక్కగా తేనెలాగా సాగుతుంది. మా దిక్కు పల్లెల్లో అదొక్కటే తెచ్చి పెట్టుకుని ట్రాక్టర్‌కూ, బోరు మోటారుకూ, మోటార్‌సైకిల్‌కూ అన్నిటికీ పోసేస్తారు. నేను ఓపిగ్గానే చెప్పాను. పాత ఇంజన్ లోపలంతా అరిగి వదులైపోయి ఉంటుంది, దానికి చిక్కనిది కావాలి. కొత్త ఇంజన్‌లో సందులు వెంట్రుకంత. పల్చటిదైతేనే పొద్దున స్టార్ట్ చేయగానే సందుసందుకూ పాకుతుంది. పైగా ఈ కొత్త బండ్ల సైలెన్సర్‌లో పొగను వడకట్టే జల్లెడ ఒకటుంటుంది. దానికి సరిపడని ఆయిల్ పోస్తే, లేదా ఎక్కువ పోస్తే, అది కాలి మసీ బూడిదా అయి ఆ జల్లెడ పూడిపోతుంది. అందుకే ఆయిల్‌ను వేళ్లతో కాదు, బుక్కు చూసి ఎంచుకోవాలి.

"ఇంకో మాట బావా. ఇది తాగే బండి కాదు. కడ్డీ మీద రెండు గీతలుంటాయి. ఆ రెండిటి నడుమ ఉంటే ఒక్క చుక్క కూడా పొయ్యద్దు. తక్కువైతే ఎంత చెడ్డో ఎక్కువైనా అంతే చెడ్డ."

బావ గొంతు తగ్గించి అడిగాడు.

"మరి కేశవులన్న ముందర ఏం పొయ్యాల?"

"ఏం పొయ్యాల్సిన పనే లేదు. కడ్డీ చూసుకుని పో."

"ఆ నూనె పొయ్యకపోతే నేనెవుర్రా ఆడ? ఉత్త బాడిగ డ్రైవర్ని. బాడిగ డ్రైవర్లు రోడ్డు నిండా ఉండారు."

నాకు నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. బావ నవ్వలేదు. నేనిచ్చిన డబ్బాను సీటు కింద పెట్టుకుని వెళ్లిపోయాడు.

కొన్ని వారాల తర్వాత అక్క ఫోన్ చేసింది. రాతిపొడి ఇరుక్కుని కొత్త బండి వెనక తలుపు అప్పుడే కీచుమంటోందని ఫిర్యాదు.

"తెల్లారకముందే మీ బావ ఆ తలుపు తీస్తే వీధంతా లేస్తాందిరా. ఆయిల్ డబ్బా మాత్రం యాడనుంచో కొత్తది తెచ్చుకున్నాడు. తలుపుకు ఒక్క చుక్క వెయ్యడు. నువ్వన్నా చెప్పు."

చెబుతాలే అన్నాను. ఆ కొత్త డబ్బా ఎందుకు తెచ్చుకున్నాడో నాకు తట్టనే లేదు.

ఒక గురువారం పొద్దున అంగడి తీస్తుంటే, రైలు గేటు దాటి తెల్ల బండి ఒకటి ఈడ్చుకుంటూ వస్తోంది. ఎడ్లబండి కూడా దాన్ని దాటి పోగలదు. వెనక పొగ. బావ బండే. పక్క సీట్లో చెన్నకేశవులు. వెనక పరుపు మీద, మొహానికి కొత్త గుడ్డ చుట్టిన ఆంజనేయస్వామి. పగిడ్యాల దగ్గర ఒక పల్లెకు పోతున్నారు. మరునాడు పొద్దున్నే ప్రతిష్ఠ. ఊరివాళ్లు ముందే కారులో వెళ్లిపోయారు.

"బలం లేదురా. ఎంత తొక్కినా వేగం రాలేదు" అన్నాడు బావ.

లోపల చూశాను. మీటర్ల పక్కన ఒకచోట నల్లటేపు ముక్క అంటించి ఉంది. పీకేశాను. కింద, ఇంజన్‌లో తేడా ఉందని చెప్పే పసుపుపచ్చ దీపం వెలుగుతోంది. వెలిగే దీపం కనపడకుండా టేపు వేసిన మొనగాణ్ణి నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. బానెట్ ఎత్తి కడ్డీ లాగాను. పై గీత దాటి ఎంతో పైదాకా ఆయిల్ అంటుకుని ఉంది. ఈసారి వేళ్ల మధ్య నలిపి చూసింది నేను. చిక్కగా సాగింది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎన్నిసార్లు పోసినావ్ బావా?"

బావ నేలచూపులు చూస్తున్నాడు. జవాబు చెన్నకేశవులు చెప్పాడు.

"ఎత్తిన ప్రతిసారీ పోసినాడు. నేను చూస్తానే ఉండా గదా. ఏం, పొయ్యగూడదా?"

ఆయన అమాయకంగానే అడిగాడు. ఆ ప్రశ్న విన్నాక బావ మొహంలో నెత్తురు లేదు. నోటిదాకా వచ్చిన తిట్లు నేను మింగేశాను. ఇది కొత్త రకం బండి, తాగదు, మాటిమాటికీ ఆయిల్ పొయ్యాల్సిన పనిలేదు, పోసిందే ఎక్కువై లోపల కాలి జల్లెడ పూడిపోయింది అని ఆయనకు పొడిపొడిగా చెప్పాను. చెన్నకేశవులు బావవైపు ఒకసారి చూసి, వెనక్కి పోయి స్వామి పక్కన కూర్చున్నాడు.

వేరే బండి పిలిపిద్దామా అని అడిగాను. చెన్నకేశవులు ఒప్పుకోలేదు.

"ఒకసారి పడుకోబెట్టిన సామిని ఊరు చేరేదాకా లేపకూడదు. మా ఇంట్లో ఆ ఆనవాయితీ లేదు."

అంటే ఈ బండే పోవాలి. లేకపోతే ప్రతిష్ఠ ఆగిపోతుంది. షోరూంలో సర్వీసు పని చూసే అజయ్ కుమార్ నాకు తెలిసినవాడే. ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. బండికి వైరు తగిలించి చూశాడు.

"ఉన్న ఆయిలంతా దించేసి, ఫిల్టర్ మార్చి, సరైంది పోద్దాం అన్నా. తర్వాత బండిని నిలబెట్టే ఇంజన్ పరిగెత్తిస్తే ఆ వేడికి జల్లెడలో మసి కాలిపోవాల. కాలిందా, పోతారు. కాలకపోతే జల్లెడే మార్చాల, అది ఈ రోజు అయ్యే పని కాదు."

ఆయిల్ దిగుతున్నంతసేపు బావ నా అంగడి మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. వేళ్లకంటిన నల్లటి ఆయిల్‌ను నలుపుతూనే ఉన్నాడు.

"నువ్వు ఆ పొద్దు అంగడిలో చెప్పినప్పుడే నాకు అర్థమయిందిరా" అన్నాడు చివరికి. "మొండితనం కాదు. మొదటిసారి ఎత్తేటప్పుడు పొయ్యకూడదని అనుకునే పోయినా. బానెట్ ఎత్తినా, కడ్డీ చూసినా. అందరూ నా చేతుల దిక్కే చూస్తాండారు. ఒట్టి చేతుల్తో ఎట్ల నిలబడేది?"

ఇన్నేళ్లుగా ఈయన నా మాట లెక్కచేయడనే అనుకుంటూ వచ్చాను. లోపల ఇంత బెంగ ఉందని తెలిస్తే ఆ రోజు నవ్వేవాణ్ణి కాదు. మా బావ మీద నాకు అంత జాలి ఎప్పుడూ కలగలేదు.

"ఇప్పుడు కేశవులన్నకు తెలిసిపాయె. నా చేయి మంచిదని ఆయన, వాళ్ల నాయన అనుకుంటాండ్రి. ఇంక ఏమనుకుంటాడు?"

పాత ఆయిలంతా దిగిపోయింది. అజయ్ కుమార్ కొత్త డబ్బా మూత విప్పి పోయబోతుంటే ఆపి, గరాటు తీసుకుని బావ చేతికిచ్చాను.

"ఇప్పుడు పొయ్యి బావా. ఇప్పుడు పొయ్యాల్సిందే. ఇంజన్ ఖాళీగా ఉండాది."

బావ లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. "బిస్మిల్లా" అని, నీళ్లలా ఉందని తిట్టిన ఆ పల్చటి ఆయిల్‌నే సన్నటి ధారగా పోయసాగాడు. చూద్దును కదా, చెన్నకేశవులు బండి దిగి వచ్చి, ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావ కొంచెం పోసి ఆగాడు, కాసేపాగి కడ్డీ చూశాడు, మళ్లీ కొంచెం పోశాడు. పై గీతకు అందుతూనే ఆపేశాడు. డబ్బాలో ఇంకా కొంచెం మిగిలింది. ఆయన డబ్బాలో ఆయిల్ మిగల్చడం నేను చూడటం అదే మొదలు.

"చాలు" అని మూత పెట్టేశాడు.

ఇంజన్ పరిగెత్తించారు. కాలిన వాసన, పొగ, చుట్టూ జనం. అజయ్ కుమార్ ల్యాప్‌టాప్ లోంచి తల ఎత్తడు. అక్క ఆళ్లగడ్డ నుంచి ఫోన్ మీద ఫోన్. టీలు తెప్పిస్తే ఎవరూ తాగలేదు, అవి చల్లారిపోయాయి. నాకే అంత గుబులుగా ఉంటే బావకెట్లా ఉండిందో. పెదాలు కదులుతున్నాయి, దువా చదువుకుంటున్నాడు. బండి వెనక చెన్నకేశవులు కూడా కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. ఇద్దరి మొర ఎవరెవరు విన్నారో గానీ, కాసేపటికి పొగ పల్చబడింది. ఇంకాసేపటికి పసుపుపచ్చ దీపం ఆరిపోయింది.

"పోవచ్చు అన్నా" అన్నాడు అజయ్ కుమార్. "ఇంకోసారి టేపు మాత్రం వెయ్యద్దు."

బండి నందికొట్కూరు దోవ పట్టింది. సాయంత్రానికి ఊరు చేరారని, మరునాడు ప్రతిష్ఠ బాగా జరిగిందని అక్క చెప్పింది. దోవ పొడుగునా చెన్నకేశవులు ఆయిల్ ఊసే ఎత్తలేదట. వచ్చే నెల ఎత్తాల్సిన అమ్మవారి విగ్రహానికి ఎవరి బండి అనేది కూడా చెప్పలేదట. బావకు మళ్లీ అన్నం సయించడం మానేసింది.

పదిహేను రోజులు పోయాక బావే ఫోన్ చేశాడు.

"కేశవులన్న కబురు పంపినాడు. అమ్మవారిని రేపు ఎత్తాల. నువ్వు రా."

"నేనెందుకు బావా?"

"ఒక్కణ్ణే నిలబడలేనురా."

పెళ్లయినప్పటినుంచి ఆయన నన్ను అడిగిన మొదటి సాయం అది. అంగడి మూసి తెల్లారి బస్సెక్కాను.

చెన్నకేశవులు ఇంటి ముందు అమ్మవారు నున్నగా మెరుస్తూ సిద్ధంగా ఉంది. ఊరి పెద్దలు వచ్చి ఉన్నారు. అక్క కూడా వచ్చి ఒక పక్కగా నిలబడింది. టెంకాయ కొట్టారు. కర్పూరం వెలిగించారు. తర్వాత అందరూ బావవైపు తిరిగారు.

బావ బానెట్ ఎత్తాడు. కడ్డీ లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. దాన్ని చెన్నకేశవులు కళ్ల ముందు పెట్టాడు.

"చూడన్నా. రెండు గీతల నడుమ ఉండాది. ఇంక పొయ్యకూడదు. పోస్తే బండి చెడిపోతాది."

కడ్డీని లోపల పెట్టి బానెట్ దించేశాడు. పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎత్తడానికి వచ్చినవాళ్లలో ఒకాయన "నూనె పొయ్యలేదే" అని గొణిగాడు. చెన్నకేశవులు మూసిన బానెట్‌వైపే చూస్తున్నాడు.

బావ సీటు కిందికి వంగి, ముసలి బండి నాటి పొడుగు ముక్కు ఆయిల్ క్యాను తీశాడు. బండి వెనక్కి నడిచాడు. వెనక తలుపు దించితే వీధంతా వినబడేటట్టు కీచుమంది. క్యానులో ఉన్నది ఆయనకు ఇష్టమైన ఆ చిక్కటి ఆయిలే. దాన్ని నలిపి చూసుకుని, "బిస్మిల్లా" అని తలుపు బందుల్లో ఒక్కొక్కదానికి వేశాడు. గొలుసు కొక్కేలకు వేశాడు. గడియలకు వేశాడు. తలుపును పైకీ కిందికీ ఆడించి, రాతిపొడి నల్లగా బయటికొస్తే గుడ్డతో తుడిచి మళ్లీ వేశాడు. ఎక్కడా తొందరపడలేదు. తలుపు మీదికే గదా విగ్రహం బరువంతా ముందు వచ్చేది.

ఆయన పక్కకు జరిగాక చెన్నకేశవులు ముందుకొచ్చి, తలుపు తనే ఎత్తి దించాడు. చప్పుడు లేదు. ఇంకోసారి ఎత్తి దించాడు.

"ఆ పొద్దు నంద్యాలలో నువ్వెందుకు తలకాయ దించుకున్నావో నాకు ఇంటికి పోయినాక అర్థమయింది పీరా" అన్నాడు. "మా నాయన ఎన్నడూ నూనె కోసం నిలబడలేదు. సామిని ఎత్తకముందు నువ్వు బండినంతా చెయ్యిపెట్టి చూసుకుంటావు. ఆయన దానికి నిలబడేటోడు. నేనూ దానికే."

బావ కళ్లు తుడుచుకుంటే ఆయిల్ చెయ్యి మొహానికంటింది. అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. నా సంగతీ అంతే.

"ఇంక ఎత్తండప్పా" అన్నాడు చెన్నకేశవులు.

బావ బండి మీదికెక్కాడు. పరుపును రెండు వేళ్లతో అక్కడక్కడా నొక్కి చూసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, అమ్మవారిని అందుకోవడానికి రెండు చేతులూ చాచాడు.